పన్నెండింటికి గంబో

మా వంటశాల పెద్ద టోర్విక్ ప్రతి బుధవారం బోర్డు మీద 'కేజన్ చికెన్' అని రాస్తాడు. కోడిముక్కల మీద డబ్బాలోంచి ఎర్రపొడి కుమ్మరించి ఓవెన్‌లో పడెయ్యడమే ఆ వంట. అది మా కేజన్‌వాళ్ళ వంటయితే నేను నార్వే రాణిని. లూసియానా నుంచి వచ్చి ఈ ఉత్తర డకోటా చమురుబావుల దగ్గర పనిచేసే మావాళ్ళు పాతికమంది ఉన్నారు. బుధవారం వస్తే పాతికమందీ రొట్టె, గుడ్లు తిని లేస్తారు. ఆ పొడి డబ్బా మీద మొసలి బొమ్మ కూడా ఉంటుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

నా పేరు ఓజీత్ సోనియే. మాది లూసియానాలో బజీల్ అనే ఊరు. ఈ క్యాంపులో కూరగాయలు తరగడం, గిన్నెలు కడగడం నా పని. వండే హక్కు లేదు. నవంబరులో ఒకసారి ఆ హక్కు నేనే తీసుకున్నాను. గంబో అంటే కోడి, సాసేజ్ వేసి వండే మా చిక్కటి పులుసు. దానికి ముందు రూ వేయించాలి. రూ అంటే ఏమీ లేదు, నూనెలో మైదాపిండి. కానీ దాన్ని ముప్పావుగంట ఆపకుండా కలుపుతూ వెన్న రంగు నుంచి వేరుశనగ రంగుకి, అక్కణ్ణించి రాగి రంగుకి, చివరికి చాక్లెట్ రంగుకి తేవాలి. చివర్లో కాస్త పొగ వస్తుంది. మా ఊళ్ళో ఆ వాసన తగిలితే పక్కింటివాళ్ళు గిన్నె పట్టుకుని వస్తారు. ఇక్కడ అలారం మోగింది. రెండువందలమంది మగాళ్ళు లోబట్టలతో మంచులో నిలబడ్డారు. ఇంకోసారి ఇలా జరిగితే ఉద్యోగం ఉండదని టోర్విక్ నాచేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు.

జనవరిలో ఉలిన్ మేష్ వాళ్ళమ్మ పోయింది.

ఉలిన్ రిగ్గు పైన, అంత ఎత్తులో నిలబడి గొట్టాలు అందుకునే మనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. వాళ్ళమ్మ అజేలీ, నేను బజీల్‌లో ఒకే వీధిలో పెరిగాం, అందుకే వాడికి నేను పిన్నిని. బుధవారం కబురొచ్చింది. అదే రోజు మంచుతుఫాను మొదలైంది. రోడ్లు మూసేశారు, విమానాలు ఆపేశారు. శనివారం పదింటికి అక్కడ ఖననం. వీడు ఇక్కడ ఇరుక్కుపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల గదిలో వాడి ఎదురుగా కూర్చున్నాను. పళ్ళెంలో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"రెండ్రోజులైందిరా. ఒక్క ముద్దన్నా మింగు."

"గొంతు దిగట్లేదు పిన్నీ."

"సూపు తేనా?"

"ఒద్దు." పళ్ళెం పక్కకి నెట్టాడు. "అమ్మ చేసే గంబో కావాలి. ఇంకేం ఒద్దు. నీ ఉద్యోగం సంగతి తెలుసులే. నేనేం అడగట్లేదు."

"అడిగేశావుగా," అన్నాను.

మా వైపు చావు జరిగిన ఇంటివాళ్ళు గరిట పట్టరు. ఊరే వండి తెస్తుంది. సమాధి దగ్గర్నుంచి జనం తిన్నగా చర్చి హాలుకి వచ్చి గంబో గిన్నెలు అందుకుంటారు. పోయినవాళ్ళ మీద జోకులు వేసుకుంటూ, ఏడుస్తూ తింటారు. రేపు పన్నెండింటికి అజేలీ పేరు మీద ఊరంతా తింటుంది. కన్నకొడుకు మాత్రం టోర్విక్ వంట ముందు కూర్చోవాలా? నావల్ల కాదనిపించింది. ఆ వేళకి వీడి చేతిలోనూ గిన్నె ఉండి తీరాలి.

మర్యాదగానే మొదలుపెట్టాను. టోర్విక్ దగ్గరికెళ్ళి, పొద్దున్న ఒక పొయ్యి ఇమ్మని అడిగాను.

"నాకూ జాలి ఉందమ్మా. గంబో ప్యాకెట్లున్నాయిగా. నీళ్ళు పోసి మరిగించు, పది నిమిషాల పని. రెండు టొమాటోలు వేశావంటే రంగు కూడా బాగుంటుంది."

"టొమాటోలా! బతికుండగా అజేలీ వంటింట్లో ఎవరైనా గంబోలో టొమాటో వేస్తే గరిటతో వీపు విమానం మోత మోగించేది. పోయాక వెయ్యమంటారా?"

"రూలు రూలే. ఈ క్యాంపులో ఎక్కడా నువ్వు ఆ పిండి వేయించడానికి వీల్లేదు."

ఎక్కడా అన్న మాట అతను అనకుండా ఉండాల్సింది. అప్పటిదాకా నాకు వెల్డింగ్ షెడ్డు గుర్తుకే రాలేదు.

వెల్డింగ్ షెడ్డులో రోజంతా పొగే కాబట్టి అలారం పెట్టలేదు, పెద్ద ఫ్యాన్లుంటాయి. అక్కడి వెల్డరు క్లెబేర్ విద్రిన్ మావాడే. నన్ను వదినా అంటాడు, ఆ వరస ఎట్నుంచి వచ్చిందో ఇద్దరికీ తెలీదు. శనివారం ఎనిమిదింటికల్లా గ్యాస్ పొయ్యి, సిలిండరు సిద్ధం చేశాడు. నేను ఇంటినుంచి తెచ్చుకున్న ఇనపకుండ తెచ్చాను. పొగబెట్టిన సాసేజ్ మావాళ్ళ పెట్టెల అడుగునుంచి బయటికొచ్చింది. రెండు కోళ్ళు వంటశాల ఫ్రిజ్‌లోంచి తీసుకున్నాను. అడగలేదు, అడిగితే ఇవ్వడని తెలుసు.

పిండి వేశాక ఇక గరిట వదలకూడదు. ఫోను మోగనీ, తలుపు కొట్టనీ, ఇల్లు అంటుకోనీ. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ మాకు నేర్పేది అదొక్కటే. ఉలిన్ వచ్చి బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. రూ రాగి రంగు దాటింది. వాడి ముక్కుపుటాలు కదిలాయి. సరిగ్గా అప్పుడే, కోళ్ళు వెతుక్కుంటూ కాబోలు, తలుపు తోసుకుని టోర్విక్ వచ్చాడు.

"ఆపు! ఇప్పుడే ఆపు!"

"ఇంకో పది నిమిషాలు. తర్వాత నన్ను తీసెయ్యండి."

"నీకు ఎన్నిసార్లు చెప్పాలి? ఒక కూర కోసం ఇంత రచ్చా?"

ఒక కూర! నాకు తిక్కరేగింది. గరిట కుండలోంచి తీసి అతని మొహం ముందు ఆడిస్తూ, "వాడి తల్లిని పాతిపెట్టబోతున్నారక్కడ. కూరంటావా?" అని అరిచాను. మర్యాద కూడా మర్చిపోయాను. ఎంతసేపు అరిచానో తెలీదు, అర నిమిషం ఉంటుందేమో. వెనక్కి తిరిగేసరికి కుండలో నల్లటి చుక్కలు తేలుతున్నాయి.

యాభై రెండేళ్ళొచ్చాక, మొదటిసారి గరిట ఆపాను. సిగ్గుతో చచ్చిపోయాను.

క్లెబేర్ గొంతు తగ్గించి, "ఏం కాలేదు వదినా, కోళ్ళు వేసెయ్. ఇక్కడెవడికి తెలుస్తుంది?" అన్నాడు.

"నాకు తెలుస్తుంది. వీడికి తెలుస్తుంది."

కుండ ఎత్తి, తలుపు తీసి, మొత్తం మంచులో పారబోశాను. టోర్విక్ నోరు తెరిచాడు.

"పారబోశావా? ఇంతసేపు చేసి?"

"మాడిన రూ మేం కుక్కకి కూడా పెట్టం." కుండ తుడిచి మళ్ళీ పొయ్యి మీద పెట్టాను. తొమ్మిదిన్నర. రూకి ముప్పావుగంట, కోళ్ళు ఉడకడానికి గంటన్నర పైనే. ఒక్క నిమిషం కూడా మిగలదు. టోర్విక్ సిలిండరు వైపు నడిచాడు.

ఉలిన్ లేచాడు. "గరిట ఇలా ఇయ్యి పిన్నీ. నువ్వు పోట్లాడు, నేను కలుపుతా."

"చావింటివాడివి, పట్టుకోకూడదురా."

"అది బజీల్‌లో. అక్కడ ఊరుంది. ఇక్కడ ఊరంటే నువ్వొక్కదానివే. ఎన్నని చేస్తావు?"

ఇచ్చేశాను. నేను వెళ్ళి సిలిండరుకి అడ్డంగా నిలబడ్డాను. నా పక్కన క్లెబేర్ నిలబడ్డాడు. డ్యూటీ దిగిన మావాళ్ళు అయిదారుగురు మంచు దులుపుకుంటూ వచ్చి, ఎవరూ చెప్పకుండానే వరసలో కలిశారు.

"జరుగు, ఓజీత్."

"జరగను."

"రోడ్డు తెరిచిన రోజే నువ్వు క్యాంపు బయట ఉంటావు."

"ఉంటాను. ఇవాళ పన్నెండు దాటేదాకా మాత్రం ఇక్కడే ఉంటాను."

మా వరస వంక ఒకసారి చూసి, తలుపు విసురుగా వేసి వెళ్ళిపోయాడు. ఉద్యోగం పోయిందన్న భయం కంటే, పోయినా సరే అనుకోగలిగినందుకే ఆశ్చర్యమేసింది. వెనకాల ఉలిన్ కలుపుతున్నాడు. కన్నీళ్ళు కారుతున్నా చెయ్యి ఆగలేదు.

పన్నెండింటికి రెండు నిమిషాలు తక్కువలో వాడి చేతికి గిన్నె ఇచ్చాను. అడుగున అన్నం, పైన గంబో. క్లెబేర్ ఒక చెంచా బంగాళదుంప సలాడ్ అందులో వేయబోతే వాడి చేతి మీద ఒక్కటిచ్చాను. ఉలిన్ వాళ్ళింట్లో సలాడ్ పక్కనే పెట్టుకుంటారు, గిన్నెలో వెయ్యరు. ఉలిన్ మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నాడు. అందరం వాడి గొంతు వైపే చూశాం. దిగింది.

"అమ్మ ఇంకా నల్లగా చేసేది," అన్నాడు.

"వేయించింది నువ్వేగా వెధవా, నన్నంటావేం?"

నవ్వాడు. నవ్వుతూనే భోరుమన్నాడు. ఏడుస్తూనే గిన్నె ఖాళీ చేసి మళ్ళీ చాపాడు.

ఒంటిగంటకి టోర్విక్ కాగితం తెచ్చాడు. సోమవారం రోడ్డు తెరుస్తారట, మొదటి బస్సులో నేను వెళ్ళిపోవాలట. సంతకం పెట్టి, కాగితంతోపాటు అతని చేతిలో ఒక గిన్నె కూడా పెట్టాను.

"తినండి. తిన్నాక, ఇక బుధవారం బోర్డు మీద మా కేజన్ పేరు రాయకండి."

నిలబడే తిన్నాడు. గిన్నె అడుగు కనిపించేదాకా తిన్నాడు. బాగుందనలేదు, కాగితం వెనక్కి తీసుకోలేదు. నేనూ అడగలేదు. అతను వెళ్ళాక ఉలిన్ నా దగ్గరికి వచ్చాడు.

"సోమవారం బయల్దేరుతున్నావా పిన్నీ? నా డ్యూటీ నెలాఖరుదాకా ఉంది. అయితే నాకంటే ముందు నువ్వే అమ్మ సమాధి దగ్గరికి వెళ్తావు."

"వెళ్తాను. బస్సు దిగి తిన్నగా అక్కడికే."

"అయితే చెప్పు." ఖాళీ గిన్నె రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "ఉలిన్ తిన్నాడని చెప్పు."

పొద్దుట్నుంచీ అంత పోట్లాడినా తడవని నా కళ్ళు అప్పుడు తడిశాయి. వాడి చేతిలో గిన్నె లాక్కుని మళ్ళీ నింపాను.

"రెండే గిన్నెలు తిన్నాడని ఎలా చెప్పనురా, నమ్మదు మీ అమ్మ. పట్టు, మూడోది."