నవలాకారుడి నలిగిన దుప్పటి

ఆ పిల్ల బడిలో హాజరు పలకడానికే గొంతు వెతుక్కునే రకం. అలాంటిది, ఊరి చివర తోటలో ఉన్న నవలాకారుడి ఇంట్లో సెలవులకు గైడుగా చేరతానని అడగడానికి వచ్చింది. ఆయన పోయాక ఆ ఇల్లు మ్యూజియం అయింది. ఆయన నవలలన్నీ అట్టలు ఊడేదాకా చదివిన పిల్ల, ఆ గదుల్లో తిరగాలన్న ఆశతోనే గుమ్మం ఎక్కింది. తోడుగా అమ్మ వచ్చింది.

మేనేజరు ముందుగదిలో కూర్చోబెట్టి, ఆయన గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నాడు. నాలుగు వందలు చెప్పగలదు. నాలుక మాత్రం కదిలితేగా. గైడుకు నోరుండాలి కదమ్మా అని మేనేజరు జాలిపడితే, దానికీ తలే ఊపింది.

ఈలోగా అమ్మ పడగ్గది చూడబోయింది. గుమ్మానికి అడ్డంగా కట్టిన తాడు బట్టలారేసుకునేదనుకుని వంగి దాటింది. లోపల చెదిరిన దుప్పటి, చెరో మూలా పడ్డ చెప్పులు, టీ మరక ఎండిన కప్పు, బుట్ట చుట్టూ ఉండలు చుట్టిన కాగితాలు. పెద్దాయన ఆఖరి ఉదయం లేచి వెళ్లినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచిన గది అది. అమ్మకేం తెలుసు? ఇంత పేరున్న మనిషికి ఇల్లు సర్దే దిక్కు లేకపోయిందే అని ప్రాణం ఉసూరుమని, కొంగు బిగించింది.

మేనేజరు వచ్చేసరికి దుప్పటి మడతపెట్టి ఉంది. చెప్పులు జతగా గోడ వారన ఉన్నాయి. కప్పు తళతళలాడుతోంది. కాగితాలు సాపుచేసి దొంతర పెట్టి ఉన్నాయి.

"ఒక పక్క ఖాళీగానే ఉన్నాయి బాబూ. పారేస్తారేంటి?" అంది అమ్మ.

"అవి ఆయన పారేసినవమ్మా," అన్నాడు మేనేజరు నీరుగారిపోతూ.

గేటు దగ్గర చూడ్డానికొచ్చినవాళ్ల బస్సు ఆగింది. మేనేజరు గబగబా దుప్పటి తీసి మంచం మీద పడేశాడు. చాకలి మూట విప్పినట్టుంది.

"అలా కాదండీ," అంది ఆ పిల్ల. తను మాట్లాడిందని తనకే తెలియలేదు. "నిద్ర లేచేవాళ్లు కాళ్లతో తోస్తారు."

మంచం చివరికి దుప్పటిని తోసింది. చెప్పుల్లో ఒకదాన్ని మంచం కిందికి తన్నింది. కాగితం అందుకుని, "నచ్చని పేజీని ఒక్కసారే నలపరండీ. నలిపి, మళ్లీ విప్పి చదువుకుని, ఇంకా కోపమొచ్చి నలుపుతారు," అంది.

"నీకెలా తెలుసు?" అన్నాడు మేనేజరు.

"మా ఇంట్లో దీని మంచం కింద చూడండి బాబూ, బుట్టెడుంటాయి," అంది అమ్మ.

పిల్ల చెవులు ఎర్రబడ్డాయి కానీ మాట ఆగలేదు. వాక్యం కుదిరేదాకా ఆయన టీ ఎందుకు చల్లార్చుకునేవాడో చెబుతూనే ఉంది. కప్పులో మళ్లీ మరక కట్టాలని వంటగదిలోంచి టీ తెప్పించి, అదే కప్పులో మేనేజరు కళ్లు మూసుకుని తాగాడు. ఎన్నాళ్ల కోరికో, అడుగున మరకకు సరిపడా కూడా మిగల్చలేదు. మళ్లీ పోయాల్సి వచ్చింది.

బస్సులోంచి దిగిన పెద్దావిడ తాడవతల నిలబడి, ఇప్పుడే లేచి వెళ్లాడా ఏంటి, అని పక్కావిడను గుసగుసగా అడిగింది.

రేపటి నుంచి రమ్మని పిల్లతో చెప్పాడు మేనేజరు. అమ్మగారు మాత్రం గేటు దాకానే రావాలన్నాడు.

పిల్ల ఇంట్లో రోజూ తిట్లు తినే పనికి ఇక్కడ పిలిచి ఉద్యోగమిచ్చారని అమ్మ దారంతా నవ్వింది. మలుపు దగ్గర మాత్రం ఆగి వెనక్కి చూసింది.

"ఆ చెప్పులన్నా జతగా ఉంచాల్సిందే."