నీళ్ళు దిగిన ఊరు

లస్మయ్య గుడి మంటపంలో వంగి, నేలను వేలి కణుపులతో కొట్టి చూస్తున్నాడు. ఎక్కడికి వెళ్ళినా అంతే. పెళ్ళిపందిట్లో అయినా, ఆసుపత్రి వరండాలో అయినా, కాలి కింది లాదీ, అదే నేలకు పరిచిన పలక, గట్టిగా పలుకుతోందో డొల్లగా పలుకుతోందో తెలిసేదాకా అతనికి కుదురుండదు. ముంబైలో జనం ఇళ్ళకు లాదీలు పరిచీ పరిచీ అతని మోకాళ్ళు అరిగిపోయాయి. చిప్పల మీది చర్మం నల్లగా కాయలు కాసింది. సిమెంటు తిన్న వేళ్ళ కొసల మీది పగుళ్ళు ఏ కాలంలోనూ పూడవు.

"దేవుని ముందట గూడ నీ లాదీ పనేనా? గప్‌చుప్ దండం పెట్టుకో," అంది రత్నాబాయి.

అతను లేచాడు. దండం పెట్టలేదు. స్తంభం చుట్టూ తిరిగి, గోడ దగ్గరికి వెళ్ళి, రాయి మీద అరచెయ్యి ఆనించి, మళ్ళీ ఇంకో రాయి దగ్గరికి నడిచాడు. ముంబై కామాఠిపురలో బస్సెక్కినప్పటి నుంచీ ఇదే వరస. కన్ను మూయలేదు. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి, రోడ్డు పక్కన అటూ ఇటూ పచార్లు చేశాడు.

శ్రీశైలం పోయే యాత్ర అది. పొద్దున అలంపురంలో ఆగి, అందరూ జోగులాంబను, బ్రహ్మేశ్వరుణ్ణి చూసుకున్నారు. ఎడంగా ఉన్న ఈ సంగమేశ్వరుడి గుడికి మాత్రం ఎవరూ రాలేదు. బస్సు మాట్లాడి తెచ్చిన మంగేష్ అక్కడ భోజనాలకు తొందర పెడుతున్నాడు.

"ఈ గుడి మా ఊర్దే," అన్నాడు లస్మయ్య ఉన్నట్టుండి.

రత్నాబాయి తిరిగి చూసింది. ఆమె కామాఠిపురలోనే పుట్టింది. బొంబాయి కట్టడానికి పోయిన కూలీల మనవరాలు. మొగుడి ఊరు ఎన్నడూ చూడలేదు. అడిగినప్పుడల్లా "నీళ్ళల్ల వోయింది" అనేవాడు, అంతటితో సరి. దాయాదులతో ఏదో తగాదా పడి అట్లా అంటున్నాడని ఆమె అనుమానం.

"మీ ఊర్దేంది? గుడి నడ్సుకుంట వచ్చిందా?"

"కూడవెల్లిల ఉండె, రెండు నదులు కల్సేకాడ. శ్రీశైలం డ్యాం నీళ్ళొస్తయని రాయికి రాయి ఊడదీసిండ్రు. ఒక్కోదానికి నంబరేసి గీడికి తెచ్చి మల్ల కట్టిండ్రు. మా నాయిన మోసిండు. నేను గూడ మోసిన. మీసాలు గూడ రాలే అప్పుడు."

"మరి మీ ఇల్లు?"

"దేవునింటికి నంబర్లేసిండ్రు. మా ఇంటికి ఎవడేస్తడు?" అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఫోను మోగింది. మంగేష్. "అత్తా, కిధర్ హో తుమ్ లోగ్, ఏడున్నరు? వడ్డన అయితున్నది. తిన్నంక బస్ ఆగది."

"వస్తున్నం," అంది రత్నాబాయి. అతని చెయ్యి పట్టుకుంది. చెయ్యి కదల్లేదు.

"ఎండకాలం గద. నీళ్ళు దిగుంటయ్," అన్నాడు లస్మయ్య. "జర పోయొద్దమా, రత్నా?"

ఇన్నేళ్ళ కాపురంలో అతను ఆమెను ఏదీ అడిగి ఎరగడు. పెట్టింది తిన్నాడు, ఇచ్చింది కట్టుకున్నాడు. పిల్లలు లేరని చుట్టాలు దెప్పిపొడిచినా మాట తూలలేదు. రత్నాబాయికి బస్సు పోతుందన్న భయం ఒకపక్క, అతని ముఖం ఒకపక్క. గుడి బయట ఆటో కనిపించింది. ఆమే చెయ్యెత్తి ఆపింది.

కూడవెల్లి ఒడ్డున ఆటో దిగేసరికి ఎండ నెత్తికెక్కింది. నది ఎక్కడో దూరంగా గీతలా మెరుస్తోంది. ఈ పక్కంతా నెర్రెలు విచ్చిన ఒండ్రు. లస్మయ్య ముందు నడిచాడు. లాదీ పరిచి లేచేటప్పుడు గోడ పట్టుకునే మనిషి, మోకాళ్ళు మరిచిపోయి గబగబా దిగిపోతున్నాడు.

"ఏయ్, నెమ్మది! పడతవ్!"

"గిది బజారు. గీడ సాకలోళ్ళు. గది పటేలు కొట్టం."

ఆమెకు మట్టి, మొండి గోడల వరసలు, ఒక విరిగిన తిరగలి, ఇవి తప్ప ఏమీ కనబడలేదు. అతను ఒకచోట ఆగాడు. చీలమండ ఎత్తుకు మిగిలిన రెండు రాతి వరసల నడుమ తల వంచి లోపలికి అడుగుపెట్టాడు. వెనక్కి తిరిగి అన్నాడు:

"దర్వాజ తగుల్తది. వంగు."

పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. రత్నాబాయి వంగింది.

అతను భుజం మీది తువ్వాలతో నేల తుడవడం మొదలుపెట్టాడు. ఒండ్రు పొరలు పొరలుగా లేచింది. కింద నల్లని బండలు బయటపడ్డాయి.

"మా నాయిన పరిచినయ్. ఇన్నేండ్లు నీళ్ళల్ల ఉన్నా ఒక్కటి కదల్లే, సూడు." చెమట కారిపోతోంది. ఎడమ భుజం నొక్కుకున్నాడు. "జరసేపు ఒరుగుత."

"ఈడనా? ఈ ఎండల?"

అప్పటికే పడుకున్నాడు, బండ మీద చెంప ఆనించి. ఆమె పక్కన కూర్చుని అతని ముఖానికి కొంగు అడ్డం పట్టింది. కామాఠిపురలో తమ గది ఉన్న పాత చాల్ గుర్తుకొచ్చింది. దాన్ని కూలగొట్టి టవర్లు కడతారట. తమ గది ఏ అంతస్తులో ఇస్తారో ఎవరూ చెప్పడం లేదు. అమ్మ తనను కన్న గది. కూలినాక అది ఇక్కడుండేదని తాను గాలిలో ఎక్కడ చూపించాలి?

"మీ ఇంట్ల పొయ్యి ఏ దిక్కుండె?" అని అడిగింది. ఆమెకు నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

అతను పలకలేదు. మళ్ళీ మంగేష్ ఫోను. మోగి మోగి ఆగిపోయింది.

"ఏమయ్యా..."

బండ మీద పరుచుకున్న అతని అరచెయ్యి చూసింది. నిద్రలో కూడా ఏదో ఒకటి తడుముతూ, తడుతూ ఉండే వేళ్ళవి. కదలడం లేదు. ఆమె తన చేతిని వాటి మీద పెట్టింది. చాలాసేపు అట్లాగే ఉంచింది. కొంగు మాత్రం దించలేదు.

ఒడ్డు మీంచి ఆటోవాడు కేకేశాడు. దిగొచ్చి చూసి, ఆమె ఫోనందుకుని మంగేష్‌కు చెప్పాడు. తరవాత మంగేష్, బస్సులోని మగవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఎవరో ఏడ్చారు, ఎవరో డాక్టరన్నారు. నలుగురు కలిసి అతన్ని ఎత్తుకుని ఒడ్డు వైపు నడిచారు.

"చల్ అత్తా," అన్నాడు మంగేష్.

లేని దర్వాజ దగ్గర రత్నాబాయి వంగి బయటికి వచ్చింది. అప్పుడు చూసింది. లోపలికి పోయే ముందు అతను ఎప్పుడు విప్పాడో, గడప ఉండాల్సిన చోట, ఒండ్రు మీద, ఒకదాని పక్కన ఒకటి సర్ది పెట్టిన రబ్బరు చెప్పులు.