కదలని గ్లవ్

జూన్ పద్నాలుగు, శనివారం. ఆ మధ్యాహ్నం వెర్నన్ తిన్నది చల్లటి మాంసం ముక్క పెట్టిన రొట్టె, ఊరవేసిన దోసకాయ ఒకటి. సగం రొట్టె కాగితంలో చుట్టి పక్కన పెట్టి, ఇనుప సామాన్ల కొట్టు వెనక మెట్టు మీద కూర్చుని కాళ్ళకు కవచాలు కట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ కొట్టులో మేకులూ మరలూ అమ్ముతున్నాడు. వేసవి శనివారాల్లో పిల్లల బేస్‌బాల్ ఆటలకు అంపైరుగా నిలబడతాడు. నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊళ్ళో అతని గురించి చెప్పుకోవడానికి అంతకుమించి ఏమీ ఉండేది కాదు.

ఏప్రిల్ నుంచి ఇంకొకటి చేరింది. ఎడమ కంటి చూపు మధ్యలో చెదిరిపోయిందనీ, కుడి కన్నూ అదే దారి పట్టిందనీ డాక్టరు చెప్పాడు. వెర్నన్ కొట్టుకు తిరిగి వచ్చేసరికే ఆ కబురు అక్కడికి చేరింది. అయినా అతను మానలేదు. ఒక్క తీర్పు తప్పినా ఆ రోజుతో ఆపేస్తానని తనకు తాను మాటిచ్చుకున్నాడు.

కన్నుకన్నా ఎక్కువగా అతన్ని కుంగదీసింది జనం మర్యాద. మైదానం పక్క బల్లల్లో మూడో వరసలో కూర్చునే డార్లీన్ అతనితో బడిలో చదువుకున్న మనిషి. ఇరవై ఏళ్ళుగా అతని కళ్ళను తిట్టకుండా ఒక్క ఆటా చూడలేదు. ఆమె కూడా ఈ వేసవిలో ప్రతి తీర్పుకూ, చావింటికి వచ్చినదానిలా, మెల్లగా తలాడిస్తోంది.

పిల్లలు నయం, వాళ్ళ నోళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. పచ్చ జట్టులో బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ మారిసోల్‌కి పదకొండేళ్ళు. వెర్నన్ ముందు గొంతుకూర్చుని, ఎదురుగా నిలబడ్డ ప్రతి బ్యాటర్‌నీ పలకరిస్తుంది. "బ్యాటు మీ అన్నయ్యదా? వాడు కూడా తగలకుండానే తిప్పేవాడు," అంది ఒకడితో. వాడు నవ్వు ఆపుకోలేక నిజంగానే బంతి వదిలేశాడు.

రెండో ఇన్నింగ్స్‌లో వెర్నన్ ఒక సంగతి గమనించాడు. కొట్టకుండా వదిలిన బంతి నేల మీది పలక మీదుగా వస్తే స్ట్రైక్, పక్కకు పోతే బాల్. పక్కకు పోయిన బంతిని అందుకుంటూనే, అది స్ట్రైక్‌లా కనిపించేలా, అంపైరుకి తెలియకుండా గ్లవ్‌ను రవ్వంత లోపలికి లాగడం క్యాచర్లు మొదట నేర్చుకునే దొంగవిద్య. మారిసోల్ లాగడం లేదు. బంతి పడ్డచోటే గ్లవ్‌ను ఒక్క క్షణం అలాగే నిలిపి ఉంచుతోంది. అవతల ఎర్ర జట్టు క్యాచర్ కూడా అంతే. ఇద్దరూ కూడబలుక్కున్నారు. బంతి అతనికి ఒక మసక చారలా వచ్చి మాయమైపోతోంది. ఆగి ఉన్న గ్లవ్ మాత్రం కనిపిస్తోంది. తీర్పు చెబుతున్నది తను కాదని అతనికి అప్పుడు అర్థమైంది.

చివరి ఇన్నింగ్స్. పచ్చ జట్టుకు ఒక్క పరుగు ఆధిక్యం. ఇంకొక్కడు అవుటైతే వాళ్ళు జిల్లా పోటీకి వెళతారు. మూడు బేసుల మీదా ఎర్ర జట్టు పిల్లలు ఉన్నారు. బ్యాటర్‌కి ఇప్పటికే మూడు బాల్స్, రెండు స్ట్రైక్స్. ఈ బంతి మూడో స్ట్రైకైతే వాడు అవుట్, ఆట ముగుస్తుంది. నాలుగో బాలైతే బ్యాటర్ ఊరికే మొదటి బేసుకు నడుస్తాడు, మూడో బేసు మీదివాడు పలక తొక్కి స్కోరు సమం చేస్తాడు.

బంతి వచ్చింది. బ్యాటు కదల్లేదు. వెర్నన్‌కి గ్లవ్‌లో చప్పుడు వినిపించింది. గ్లవ్ పలక అంచుకు రెండు వేళ్ళ అవతల ఉంది. మారిసోల్ దాన్ని అక్కడే నిలిపి ఉంచింది. రవ్వంత కూడా లోపలికి జరపలేదు.

"బాల్," అన్నాడు వెర్నన్.

జనం గొణిగి ఊరుకున్నారు. అంతలో మూడో వరసలో డార్లీన్ లేచి నిలబడింది.

"ఏమయ్యా వెర్నన్, కళ్ళు ఇంట్లో మర్చిపోయొచ్చావా?"

అందరూ బిగుసుకుపోయారు. వెర్నన్ మాస్కు తీసి ఆమె వైపు తిరిగాడు.

"ఒకటి ఇంట్లోనే ఉంది డార్లీన్. రెండోదాన్ని నీ వైపు చూడకుండా కాపాడుకుంటున్నా."

ముందు డార్లీనే నవ్వింది. తర్వాత మైదానమంతా నవ్వింది. ఏప్రిల్ తర్వాత మొదటిసారి వెర్నన్‌కి భుజాలు తేలికయ్యాయి. తర్వాతి బంతిని ఎర్ర జట్టు కుర్రాడు అందరి తలల మీదుగా కొట్టాడు, ఎర్ర జట్టు గెలిచింది, ఆట అయిపోయింది.

రెండు జట్లూ వరసకట్టి చేతులు కలుపుకున్నాయి. మారిసోల్ ముక్కు తుడుచుకుంటూ కవచాలు విప్పుకుంటుంటే వెర్నన్ దగ్గరికి వెళ్ళాడు.

"కాస్త లాగి ఉంటే గెలిచేదానివి కదమ్మా."

"ఇదివరకు మీరు కనిపెట్టగలిగినప్పుడు లాగితే సరదాగా ఉండేది సార్," అంది తల ఎత్తకుండా. "ఇప్పుడు మీకు కనబడదు కదా. ఇప్పుడు లాగితే అది దొంగతనం."

అతను ఆ పిల్ల హెల్మెట్ మీద మెల్లగా తట్టాడు. ఆ రోజు అతని తీర్పు ఒక్కటీ తప్పలేదు. అయినా సోమవారం ఈ ఆటలు నడిపే క్లబ్బువాళ్ళకు చెప్పేయాలని, వచ్చే శనివారానికి ఇంకెవరినైనా చూసుకోమనాలని నిశ్చయించుకున్నాడు. మూడో వరసలో డార్లీన్ పక్కన చోటు ఉంటుంది. అక్కడినుంచి తిట్టడానికి చూపుతో పనిలేదు.

పొద్దు వాలింది. మైదానం పక్కనున్న ఆట సామాన్ల గదిలో కవచాలు సర్ది, బాల్స్, స్ట్రైక్స్ గుర్తుంచుకోవడానికి అరచేతిలో పట్టుకునే చిన్న బిళ్ళను జేబులోంచి తీశాడు. దాని చక్రాలను బొటనవేలితో తడిమి, ఒక్కొక్కటే సున్నాకు తిప్పాడు. తర్వాత వచ్చేవాళ్ళకు అందేలా గూటి అంచున పెట్టాడు. బయటికొచ్చి చప్పుడు కాకుండా తలుపు మూశాడు. లోపల, చీకటిపడుతున్న గూట్లో, బొటనవేలి రాపిడికి రంగు పోయిన ఆ చిన్న బిళ్ళ ఉండిపోయింది.