ఎడమ చెవిలో నేనున్నాను

నేను ఒక చెవి బిరడాని. చిటికెన వేలి కొసంత ఉంటాను. 'ఒక' అన్నాను గానీ మేం ఇద్దరం, కుడిదీ ఎడమదీ, ఒకే డబ్బాలో పక్కపక్క గుంటల్లో పడుకుంటాం. నేను ఎడమదాన్ని. కథ చెప్పే హక్కు నాకే ఎందుకంటారా? కుడి భుజానికి తుపాకి ఆనించే మనుషులకు ముందుగా చెడేది ఎడమ చెవే. గొట్టం మూతి దానికే దగ్గర. కుడి చెవి తల చాటున బతికిపోతుంది. అంచేత మా ఇద్దరిలో యుద్ధం నాది, తోడు రావడం దానిది. ఈ మాట కుడిది ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే పోనీ.

నన్ను చూసి దూది ఉండకు చుట్టం అనుకునేరు. దూదికి చిన్న చప్పుడూ పెద్ద చప్పుడూ ఒకటే, అన్నిటికీ తలుపు మూస్తుంది. నా కడుపులో చార్జింగుతో నడిచే చిన్న యంత్రం ఉంది, నాకు వివేకం ఉంది. ఎండుటాకు కదిలితే ఇంకాస్త పెద్దది చేసి చెవికి అందిస్తాను. తుపాకి పేలితే రెప్పపాటు కంటే ముందే తలుపు వేస్తాను. ఫ్యాక్టరీలో మాకు పెట్టిన పరీక్ష అదొక్కటే. గదిలో ఢామ్మని పేల్చారు. ఆలస్యంగా మూసుకున్నవాళ్లు చెత్తబుట్టలోకి పోయారు, సమయానికి మూసుకున్న మేం డబ్బాల్లోకి వెళ్లాం. "నిన్ను లోపలికి రానివ్వను" అని ఎదురుతిరగడమే నా పుట్టుకకు అర్థమని అక్కడే తెలిసింది.

హైదరాబాదులో కరీముల్లా సాబ్ తుపాకుల దుకాణంలో, అద్దాల బీరువాలో రెండేళ్లు కూర్చున్నాను. ఎంతమంది వేటగాళ్లను చూశానో! కంటికి నల్లద్దాలు, తలకు టోపీ, కాలికి బూట్లు, చేతికి తొడుగులు కొన్న మనిషే చెవి దగ్గరికి వచ్చేసరికి వీరుడైపోయేవాడు. "చెవులు మూస్కొని వేటేంది సాబ్!" అని నవ్వి వెళ్లిపోయేవాడు. మరో ఏడాదిన్నరకు అతనే వచ్చి, సాబ్ చెప్పిన ప్రతి మాటకూ "ఆఁ?" అనేవాడు. నేను బీరువాలోంచి చూసి ఊరుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం కొత్త దంపతులు వచ్చారు. అమ్మాయి మెడలో పసుపుతాడు ఇంకా కొత్తగా మెరుస్తోంది, చేతుల గోరింటాకు సగం వెలిసింది. పేరు శ్రీనిజ. అబ్బాయి భార్గవ్, బ్యాంకు ఉద్యోగి. సాబ్ నేరుగా అబ్బాయి వైపు తిరిగాడు.

"చెవులకు రక్షణ కావాల్నా సార్? మీకేనా?"

"నాకెందుకు సాబ్, నేను దీపావళికే తలుపులేసుకుంట" అన్నాడు భార్గవ్ గర్వంగా. "తుపాకి ఆమెది."

శ్రీనిజ కాలేజీలో ఎన్‌సీసీలో ఉండగా తుపాకి పట్టింది. తర్వాత రైఫిల్ క్లబ్బులో చేరి రాష్ట్ర పోటీల దాకా వెళ్లింది. ఇప్పుడు అత్తగారి ఊళ్లో అడవిపందులు మక్కజొన్న చేలు పడగొడుతున్నాయి. పంచాయతీ తీర్మానంతో, అటవీ అధికారుల అనుమతితో వాటిని కాల్చే జట్టులో ఆమె పేరు కూడా ఎక్కింది. జట్టు పెద్ద సాక్షాత్తూ ఆమె మామగారే.

సాబ్ మూడు రకాలు తీసి అద్దం మీద పెట్టాడు. మొదట పసుపుపచ్చ స్పంజి బిరడాలు. శ్రీనిజ పెట్టుకుని, "భార్గవ్, ఏదన్నా చెప్పు" అంది. అతను ఏదో అన్నాడు. ఆమెకు వినబడలేదు. వినబడనందుకు అతనికే చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత తల మీదుగా వేసుకునే పెద్ద డిప్పలు. వాటితో చెంప తుపాకి మడమకు ఆనించబోతే టక్కుమని తగిలి పక్కకు జరిగాయి, చెవి బుట్టాలు కింద నలిగాయి. ఆ తర్వాత నా వంతు వచ్చింది.

డబ్బాలో మాకు మూడు సైజుల రబ్బరు టోపీలు ఉంటాయి. ఆమె ఎడమ చెవికి చిన్నది సరిపోయింది, కుడి చెవికి మధ్యది కావాల్సి వచ్చింది.

"నీ రెండు చెవులూ ఒక తీరు లేవా!" అని భార్గవ్ కొత్త గ్రహాన్ని కనిపెట్టినవాడిలా ఎగిరాడు. "నెల సంది చూస్తున్న, నాకు తెల్వనే తెల్వదు!"

"చెవులు ఎప్పుడు చూసినవులే నువ్వు" అంది ఆమె. వెంటనే సాబ్ ఉన్నాడని గుర్తొచ్చి నాలిక కరుచుకుంది.

భార్గవ్ వాకిలి దాకా వెళ్లి, వీధి వైపు తిరిగి, గుసగుసకన్నా సన్నంగా ఇందాకటి మాటే అన్నాడు. నేను దాన్ని పువ్వులా అందుకుని ఆమె చెవిలో పెట్టాను. ఈసారి ఆమె ముఖం కందిపోయింది. "ఛీ, దుకాణంల ఏందా మాటలు!"

సాబ్ నవ్వి డబ్బా మూత పెట్టాడు. "తీస్కపో బేటీ. నలభై ఏండ్ల సంది బందూకులు అమ్ముతున్న. పొద్దటి అజాన్ నాకు వినబడదు ఇప్పుడు, మనవడొచ్చి లేపుతడు. తీస్కపో."

ఊరు వికారాబాద్ దాటాక, గుట్టల మధ్య ఉంది. మామగారు మురహరిరెడ్డికి కోడలంటే గొప్ప మురిపెం. "కొడుకు టపాకాయ్‌కే ఉరుకుతడు. దేవుడు లెక్క సరిచేసి కోడల్నిచ్చిండు" అని ఊరంతా చెప్పుకున్నాడు. ముప్పై ఏళ్ల తుపాకి ఆయన కుడి చెవిలో సగం తీసుకుంది, ఎడమ చెవిలో దాదాపు మొత్తం తీసుకుంది. ఈ సంగతి ఇంట్లో ఒక్కరికే బాగా ఉపయోగపడేది, అత్తగారు సుగుణమ్మకు. ఆమె అన్నం వడ్డించినా చాయ ఇచ్చినా ఆయన ఎడమ పక్కనే నిలబడేది. చిరునవ్వుతో, చక్కని గొంతుతో, ముప్పై ఏళ్ల కోపమంతా చెప్పుకునేది. "తిను తిను, నా మాట తప్ప అన్నీ అరుగుతయి నీకు" అనేది. ఆయన తల ఊపి, "కూర మంచిగయింది" అనేవాడు.

పందుల్ని కొట్టే రోజు పొద్దున్నే వాకిట్లో జట్టు కూడింది. శ్రీనిజ మమ్మల్ని చెవుల్లో పెట్టుకుంటుంటే మామగారు చూశాడు.

"ఇదేంది బిడ్డా?"

"చెవులకు మామయ్యా. చప్పుడుకు చెడిపోకుండ."

"చెవులల్ల గుయ్యిమనకపోతే అది వేటేనా? తీసెయ్. మా ఇంట్ల ఎవ్వరు పెట్టలే."

"అందుకే ఎవ్వరికీ వినబడ్తలేదు" అంది సుగుణమ్మ, ఎడమ పక్క నుంచి.

జట్టు నవ్వింది. తనకేమీ వినబడకపోయినా నవ్వు తన మీదేనని మురహరిరెడ్డికి తెలిసింది. గొంతు పెరిగింది. "తీస్తెనే నా పక్కకు నిలబడు. లేకుంటే లేదు."

ఆమె గుండె చప్పుడు నాకు వినిపించింది. పెళ్లయి నెల. అత్తింట్లో తొలి వేట. ఇంతమంది ముందు మామగారి మాట. ఒక్క క్షణం ఆమె వేలు నా మీదకు వచ్చింది కూడా. నేను గట్టిగా అతుక్కున్నాను. ఆ వేలు నన్ను పీకలేదు, ఇంకాస్త లోపలికి నొక్కింది.

"తియ్య మామయ్యా. మీ పక్కన నిలబడాలని నాకు మస్తు ఉంది. కానీ నాకు అరవై ఏండ్లొచ్చినా భార్గవ్ గుసగుస వినబడాలె. నిలబెట్టకుంటే ఇంట్ల ఉంట."

మురహరిరెడ్డి మీసం కదిలింది. "చివరకు నిలబడు" అని నడిచిపోయాడు.

చేను గట్టు మీద ఆరుగురు వరసగా నిలబడ్డారు. చివరిది శ్రీనిజ, పక్కకు వద్దన్నా ఆమెకు ఇరవై అడుగుల అవతలే మామగారు. డప్పుల వాళ్లు అటువైపు నుంచి పందుల్ని తోలుకొస్తారు. నియమం మురహరిరెడ్డి పెట్టిందే. డప్పుల వాళ్ల నుంచి మూడు విజిళ్లు వినబడితే ముందు మనిషి ఉన్నాడని అర్థం, తుపాకులన్నీ దించాలి.

మొదటి పంది బయటికి దూకింది. మూడు తుపాకులు ఒకేసారి పేలాయి. నా జీవితంలో అసలైన పరీక్ష అదే. తలుపు వేశాను. ఆ మోత వచ్చి నన్ను గుద్దింది, తన్నింది, "జరుగు" అంది. జరగలేదు. ఆమె చెవికి చేరింది ఎవరో పుస్తకం మూసినంత చప్పుడే. మరుక్షణం తలుపు తెరిచాను. మిగతా ఐదుగురి చెవుల్లో అప్పుడు గుయ్యిమనే మోత తప్ప మరేమీ లేదు.

డప్పుల మధ్య నుంచి సన్నగా విజిల్ వినిపించింది. ఒకటి, రెండు, మూడు. ఎంత పెద్దది చేయగలనో అంత పెద్దది చేసి అందించాను.

"దించండి! మనిషున్నడు! దించండి!" అని శ్రీనిజ అరిచింది. వరసలో నలుగురు ఆమె ఊపిన చెయ్యి చూసి దించారు. మామగారు దించలేదు. ఆమె ఆయనకు ఎడమ వైపు ఉంది మరి! ఆయన ముందు మక్కలు కదులుతున్నాయి, తుపాకి అటు తిరుగుతోంది.

ఆమె వంగి, పిడికిలంత మన్ను పెడ్డ తీసి, మామగారి వీపు మీద ధబ్బున కొట్టింది.

ఆయన ఉలిక్కిపడి గొట్టం నేలకు దించి వెనక్కి తిరిగాడు. కళ్లు నిప్పులు. నోరు తెరిచాడో లేదో, కదులుతున్న మక్కల్లోంచి రైతు బాలకిష్టయ్య దున్నదూడను మెడ పట్టి లాక్కుంటూ బయటికి వచ్చాడు. "డప్పులకు బెదిరి ఉరికింది దొరా" అన్నాడు రొప్పుతూ.

మురహరిరెడ్డి బాలకిష్టయ్యను చూశాడు, తన తుపాకిని చూశాడు. చొక్కా వీపు దులుపుకున్నాడు. ఆ రోజు ఆయన మళ్లీ కాల్చలేదు. రెండోసారి పందుల్ని తోలినప్పుడు శ్రీనిజ ఒక పందిని ఒక్క గుండుతో పడగొట్టింది.

'కొత్త కోడలు మామ మీద పెడ్డ ఎత్తింది' అని సాయంత్రానికి ఊరంతా పాకింది. "ఇంకోటి ఎయ్యకపోతివి బిడ్డా, నా పేరు మీద" అంది సుగుణమ్మ, ఎడమ పక్క నుంచే.

మర్నాడు డబ్బా తెరిచిన శ్రీనిజకు ఒక వింత కనిపించింది. ఎప్పుడూ వాడని పెద్ద సైజు రబ్బరు టోపీలు రెండూ లేవు. ఆ ఇంట్లో అంత పెద్ద చెవులు ఎవరివో ఆమెకు తెలుసు. మమ్మల్ని డబ్బాతో సహా అరుగు మీద మరిచిపోయినట్టు వదిలేసి లోపలికి వెళ్లింది.

పెద్ద వేళ్లు నన్ను ఎత్తి, మాయమైన పెద్ద టోపీ తొడిగాయి. మురహరిరెడ్డి ఎడమ చెవి పాడుబడ్డ ఇల్లు. లోపల ఎవరైనా ఉన్నారా అని నేను కేకేసి వెతికాను. మూలన ఎక్కడో కొద్దిగా ప్రాణం ఉంది. పోయిందాన్ని తేవడం నా తరం కాదు. కానీ పిచ్చుక అరిచింది, లోపల జొన్నరొట్టె మీద చెయ్యి తపతపమంది. ఉన్న ఆ కొద్దికే ఇవన్నీ మోసుకెళ్లి ఇచ్చాను. ఆయన కదలకుండా కూర్చున్నాడు.

సుగుణమ్మ చాయతో వచ్చి, అలవాటుగా ఎడమ పక్క నిలబడి, నవ్వు ముఖంతో అంది: "తాగు నాయనా. తుపాకి మాట ముప్పై ఏండ్లు విన్నవు. పెండ్లాం మాట ఒక్క పూటన్న విన్నవా?"

"ఇయ్యాల వింటున్న" అన్నాడు ఆయన.

సాసరు కింద పడి రెండు ముక్కలైంది.

తర్వాత మూడు రోజులు సుగుణమ్మ నోరు విప్పలేదు. కూర పెట్టేది, చాయ పెట్టేది, వెళ్లిపోయేది. ఇల్లంతా మూగబోయింది. అన్నీ వినిపించే చెవితో ఆయన ఆ నిశ్శబ్దాన్ని మూడు రోజులు విన్నాడు. నాలుగో సాయంత్రం ఆమె చాయతో రాగానే, ఆమె చూస్తుండగా మా ఇద్దరినీ పీకి స్టూలు మీద పెట్టాడు.

"తీసిన. ఇగ తిట్టు."

ఆమె నన్ను చూసింది, ఆయన్ని చూసింది. మెల్లగా ఎడమ పక్కకు జరిగింది. "యాడ ఆపిన్నో ఏమో" అని కొంగు సర్దుకుని మొదటి నుంచి అందుకుంది. ఆయన తల ఊపుతూ కూర్చున్నాడు. స్టూలు మీద నేను మాత్రం అంతా విన్నాను. వాటిలో సగం తిట్లు కావు.

ఇప్పుడు ఆయనకు సొంత జత ఉంది. "కోడలి ఆర్డరు, పెట్టాల్సిందే" అని జట్టు మీద కసురుతాడు. కిందటి వేటకు వరస సర్దుతూ, "శ్రీనిజా, నా ఎడమ దిక్కుకు రా. అటు నాకు నువ్వే చెవి. అవి తియ్యకు" అన్నాడు. నేను మళ్లీ నా చిన్న టోపీ పెట్టుకుని ఆమె చెవిలోనే ఉన్నాను. అంచు కాస్త అరిగింది, చార్జింగ్ మునుపటంత సేపు నిలవదు. అయినా ఆ మోత ఎన్నిసార్లు వచ్చి గుద్దినా నా జవాబు ఒకటే. రానివ్వను.

గుసగుసలకైతే తలుపు తీసే ఉంచుతాను. ఆ పొద్దున, డప్పులు మొదలయ్యే ముందు, నీళ్ల సీసాతో ఎక్కడో వెనకాల నిలబడిన భార్గవ్ ముందుజాగ్రత్తగా తన చెవుల్లో వేళ్లు పెట్టుకుని, దుకాణంలో అన్న మాటే మళ్లీ అన్నాడు. శ్రీనిజ తుపాకి దించి, గట్టు మీద నిలబడి, ఒంటరిగా ఫక్కున నవ్వింది. "ఏమైంది బిడ్డా?" అన్నాడు మురహరిరెడ్డి. "ఏం లేదు మామయ్యా" అంది.

ఆయన చెవిలోని కొత్తది కూడా ఆ మాట మోసే ఉంటుంది, ఆయన మీసాల్లో నవ్వు కనిపించింది మరి. ఏమిటా మాట అని నన్ను అడగకండి. చెప్పను.