అమ్మవారి పీట మీద విహువెలా

దసరాకి రేణుక తన కూతురు మేధ విహువెలాను కూడా సరస్వతి ముందు పెట్టేసింది. గిటార్ కంటే ముందు పుట్టిన స్పెయిన్ వాద్యం అది.

"రేపు దశమి పూజయ్యేదాకా ముట్టుకోకు."

మేధకి కాలు నిలవడం లేదు. దాని తీగలు గొర్రె పేగుతో చేస్తారని, నవరాత్రుల్లో ఉల్లిపాయ కూడా ముట్టని అమ్మకి చెప్పనే లేదు.

"అమ్మా, ప్లీజ్, తీసేస్తాను. హీట్‌కి ట్యూన్ పోతుంది."

"పోతే అమ్మవారే చూసుకుంటుంది."

మేధ హాల్లోకి, పూజగదిలోకి పదిసార్లు తిరిగింది. పదకొండోసారి, దీపాల వేడికి తీగ టంగుమని తెగింది.

"అమ్మా, అసలు ఆ తీగ..."

"దిష్టంతా పోయిందే!" రేణుక తెగిన ముక్కను కళ్ళకద్దుకుని, పసుపు రాసి, తోరంలా తన చేతికి చుట్టుకుంది. "ముడి వెయ్యి."

మేధ వేసింది, గట్టిగా.