ఏడో పొట్లం

మేస్త్రీకి చేతులు బాగుంటే చాలు, బుర్ర కాస్త అటూ ఇటూ అయినా లోకం సర్దుకుపోతుంది. నా విషయంలో ఇది తిరగబడింది. బుర్ర బాగానే ఉంది, చేతులే పాడయ్యాయి. ఇరవై రెండేళ్ళు గోడలకు ప్లాస్టరింగ్ చేశాను. నేను పూసిన గోడ మీద చెయ్యి రాసి చూస్తే గాజుపలక అనుకునేవారు. గొప్పకు చెప్పడం లేదు అనను. గొప్పకే చెబుతున్నాను.

ఇరవై మూడో ఏట దురద మొదలైంది. ముందు వేళ్ళ సందుల్లో, తర్వాత అరచేతుల నిండా. చర్మం ఎర్రగా పొంగి, పగిలి, నెత్తురు కారేది. గ్లౌజులు వేసుకోమన్నారు. వేసుకుంటే చేతికి తాపీ ఎటు పోతోందో తెలిసేది కాదు. పైగా లోపలికి దిగిన తడి సిమెంటు చెమటతో కలిసి ఇంకా మండించేది. పొద్దున్నే చొక్కా గుండీలు మా ఆవిడే పెట్టేది. పెడుతూ ఊరుకునేది కాదు. "పెళ్ళిలో కూడా ఇంత బుద్ధిగా నిలబడలేదు నువ్వు" అనేది. నాకు ఒళ్ళు మండేది. ఆ మాట అన్నాక తను వంటగదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకునేదని చాలా రోజులకు గానీ తెలియలేదు.

మూడేళ్ళకు పైగా అలాగే నెట్టుకొచ్చి, చివరకు బయట పనులు మానుకుని ఒక పరిశోధన కేంద్రంలో చేరాను. పెద్ద భవనం. కింది అంతస్తులో ఆరోగ్య విభాగం, పైన ఇళ్ళ కట్టుబడి సామాను పరీక్షించే విభాగం, వెనకాల గాజు షెడ్లలో పంటల విభాగం. ఒకే గేటు, ఒకే స్టోరు, ఒకే నీళ్ళ ట్యాంకు. అయినా పైవాళ్ళు కిందివాళ్ళతో టీ కూడా తాగరు. ఎవరి కప్పు వాళ్ళది, ఎవరి కిటికీ వాళ్ళది.

నా పని పై అంతస్తులో. గోడల పూత పగలకుండా ఉండటానికి సిమెంటులో ఏ పొడి కలిపితే మేలో మా పెద్దసారు పరీక్షిస్తున్నాడు. పన్నెండు రకాల పొడులు, పన్నెండు వారాలు. వారానికి ఒకటి చొప్పున పది కిలోల సిమెంటులో కలిపి, ఇసుక చేర్చి మాలు తయారు చెయ్యాలి. కొంత మాలుతో దిమ్మలు పొయ్యాలి, మిగిలినదాన్ని పెరటి గోడ మీద ఒక చదరంలా పూయాలి. వారానికి ఒక్కరోజు సిమెంటు ముట్టుకుంటే చాలు కదా, అందుకే ఒప్పుకున్నాను. అదీ పడలేదు. మంగళవారం పూస్తే గురువారం పొద్దున్నకల్లా చేతులు ఉడికినట్టు అయ్యేవి.

కింది అంతస్తు డాక్టరమ్మ నా వీపు మీద మందు బిళ్ళలు అంటించి, రెండు రోజులాగి చూసి కారణం చెప్పింది. "సిమెంటులో క్రోమియం అనే లోహం రవ్వంత ఉంటుంది. నీళ్ళు తగిలితే అది కరిగి చర్మంలోకి దిగుతుంది. మీ ఒంటికి అది పడటం లేదు. ఈ పన్నెండు వారాలూ చూస్తాను. చేతులు ఇలాగే ఉంటే సిమెంటు పూర్తిగా మానెయ్యాలి. గేటు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది, మీకు ఇప్పిస్తాం."

ఆవిడ మంచికే చెప్పింది. ఆ రోజు నుంచి మాత్రం గేటు దాటుతున్నప్పుడల్లా ఆ కుర్చీ వైపు చూడకుండా తల తిప్పుకునేవాణ్ణి. కుర్చీ పాపం ఏం చేసింది? అయినా దాన్ని తన్నాలనిపించేది.

పెద్దసారుకి ఒక పద్ధతి ఉంది. ఏ పొట్లంలో ఏ పొడి ఉందో నాకు చెప్పడు. తెలిస్తే నాకు నచ్చినదాన్ని శ్రద్ధగా, నచ్చనిదాన్ని మొక్కుబడిగా పూస్తానట. పొట్లం మీద అంకె మాత్రం ఉంటుంది. విప్పాలి, కలపాలి, పూయాలి. "అడక్కు, వాసన చూడకు, ఊహించకు" అని మొదటిరోజే చెప్పాడు. పెళ్ళిచూపుల్లో పిల్లకు చెప్పినట్టుంది సార్ అన్నాను. ఆయన నవ్వలేదు.

పంటల విభాగంలోనూ అదే పద్ధతి. ఆ విభాగం పెద్దావిణ్ణి అందరం పంటలమ్మ అంటాం. మనిషి కత్తిలా ఉంటుంది. మామూలప్పుడు నన్ను మేస్త్రీ అంటుంది, కోపమొస్తే మేస్త్రీగారూ అంటుంది. ఆవిడకు పన్నెండు మడుల నారు, పన్నెండు పొట్లాలు. స్టోరులో మా అర ఒకవైపు, ఆవిడ అర ఎదురుగా. పొట్లాలన్నీ ఒకే గోధుమరంగు కాగితంలో, ఒకే నల్ల సిరా అంకెలతో ఉంటాయి. మావాటికి ఎర్ర టేపు, ఆవిడవాటికి పచ్చ టేపు. తేడా అంతే.

ఏడో వారం నా వేళ్ళకు కట్లు ఉన్నాయి. మా అర అడుగున ఉన్న ఏడో పొట్లం వేళ్ళకు చిక్కలేదు. విసుగొచ్చి వెనక్కి తిరిగితే, ఎదుటి అర అంచు మీద ఏడు అంకె ఉన్న పొట్లం ఒకటి కనిపించింది. సారు ఇంకోటి కట్టి అక్కడ పెట్టాడు కాబోలు అనుకుని రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని పైకి తెచ్చాను. టేపు కిందివైపు ఉంది, చూసుకోలేదు. విప్పితే లేత ఆకుపచ్చ పలుకులు. మిగతా వారాల పొడులన్నీ బూడిదరంగువి. వింతగానే అనిపించింది. కానీ అడక్కూడదు, ఊహించకూడదు. కట్లు విప్పి అవతల పెట్టి, కలిపేసి, పూసేశాను.

గురువారం పొద్దున లేచి చేతులు చూసుకున్నాను. పొంగు లేదు. పాత పగుళ్ళు ఉన్నాయి గానీ కొత్త మంట లేదు. మా ఆవిడ దీపం పక్కకు తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూసింది. డాక్టరమ్మ ఇచ్చిన లేపనం పనిచేసిందని ఇద్దరం సంబరపడ్డాం. ఆ సంబరం వారం ఉంది. ఎనిమిదో పొట్లం కలిపిన రెండోనాటికి చేతులు మళ్ళీ మామూలే. లేపనం అదే, నేనూ అదే. ఏమిటీ మాయ అని తల బద్దలుకొట్టుకున్నాను.

ఇంకో పది రోజులకు పంటలమ్మ స్టోరు దగ్గర ఒంటికాలి మీద లేచింది. ఏడో మడికి మందు కొట్టే పనివాడు, లోపల ఏముండాలో తెలియక, పొట్లం విప్పి నీళ్ళలో కలిపాడట. అది కరగలేదు. పంపు మూతి పూడుకుపోయింది, పూడుకునేలోపు మడిలో పడిన నీళ్ళకు నారంతా మాడిపోయింది. పన్నెండు మడులనూ పోల్చి చూసే పరీక్షలో ఒక మడి పోతే ఈ పంటకాలం కష్టమంతా నీళ్ళపాలైనట్టే. తిట్లు తింటున్నవాడు స్టోరు చూసుకుని, పొట్లాలకు టేపులు అంటించే ముసలాయన, మా తాళాలాయన. ఆయన అర సర్దుతూ మా వైపు ఒక ఏడో పొట్లం మిగిలి ఉండటం, ఆవిడ వైపు ఏడోది లేకపోవడం చూశాడట. తనే తప్పు టేపు అంటించానేమో అనుకుని ఎర్ర టేపు పీకి పచ్చ టేపు వేసి అటు పెట్టేశాడు.

"ఎవరు తీశారో నాకు తెలీదమ్మా" అని ఆయన నీళ్ళు నములుతున్నాడు.

నేను మెట్ల మీద నిలబడి అంతా విన్నాను. నోరు విప్పితే కుర్చీ ఖాయం, లేదంటే గేటు అవతలికే పంపుతారు. నోరు మూసుకుంటే ముసలాయన తిట్లు తింటాడు. రెండు నిమిషాలు నోరు మూసుకునే ఉన్నాను, అబద్ధం చెప్పను. తాళాలాయన గొంతు వణకడం విన్నాక నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలీదు, నా మీదే కావచ్చు.

"ఆయన్ని వదిలెయ్యండమ్మా. తీసింది నేను. సిమెంటులో కలిపేశాను" అన్నాను.

"సిమెంటులోనా!" పంటలమ్మ నోరు తెరిచింది. "మేస్త్రీగారూ, అది అన్నభేది. ఆకులు పసుపెక్కితే కొట్టే ఇనుము మందు. అది గోడకు పూశారా మీరు?"

"పూశాను. తప్పే. మీ మడి నా వల్లే పోయింది. ఇంకొక్క మాట కూడా వినండి, తర్వాత ఏమన్నా అనండి." చేతులు రెండూ ఆవిడ ముందు చాచాను. "నాలుగేళ్ళలో సిమెంటు పూసి కూడా చేతులు మండని వారం అదొక్కటే."

ఆవిడ నా చేతులు అంత దగ్గరగా అంతకుముందు చూసి ఉండదు. కాసేపు చూసి, "పదండి" అంది. తనే ముందు నడిచి డాక్టరమ్మ గది తలుపు తట్టింది. పైనుంచి పెద్దసారునీ పిలిపించింది.

నేను అక్కడ చేరిన తర్వాత ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం అదే మొదటిసారి. డాక్టరమ్మ సంగతంతా విని, సొరుగు లాగి ఒక మాత్రల అట్ట బల్ల మీద పెట్టింది. "రక్తం తక్కువైన గర్భిణీలకు నేను రోజూ రాసేది ఇదే. మీ అన్నభేదిలో ఉన్న ఇనుమే ఇది" అంది. పంటలమ్మ అట్ట తీసుకుని చదివి, "నా మొక్కలకూ మీ తల్లులకూ ఒకటే మందా!" అని నవ్వేసింది.

పెద్దసారు మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఇది కొత్త సంగతి కాదు. కొన్ని దేశాల్లో ఫ్యాక్టరీలోనే సిమెంటులో దీన్ని కలుపుతారు. ఇది ఉంటే ఆ క్రోమియం అంతగా కరగదు. చదువుకునే రోజుల్లో చదివాను, మర్చిపోయాను" అన్నాడు. నావైపు తిరిగి, "దిమ్మ ఎంత బరువు మోస్తుందో ప్రతివారం కొలిచాను మేస్త్రీ. దాన్ని పోసినవాడి చేతులు ఒక్కసారీ చూడలేదు. నన్ను క్షమించు" అన్నాడు.

పెద్ద చదువులు చదివినాయన నాతో అన్న మాట అది. "అదేంటి సార్, పొట్లం మార్చింది నేను కదా" అని గొణిగాను.

మాకు దొరికే సిమెంటులో ఎంత కలపాలి, కలిపితే గోడ బలం తగ్గుతుందా, తేమలో నిలవ ఉంటే దాని గుణం ఎన్నాళ్ళుంటుంది, ఇవన్నీ తేల్చాలన్నారు. పంటలమ్మ తన స్టాకులోంచి బస్తా తెచ్చి ఇచ్చింది. తర్వాతి ఏడు నెలలు ఆ భవనంలో నేను చూసిన పని చెబితే రోజు చాలదు. నాలాగే చేతులు పాడైన పదకొండు మందిని డాక్టరమ్మ వెతికి తెచ్చింది. పన్నెండు మంది వీపులకూ సిమెంటు నీళ్ళలో తడిపి అంకెలేసిన బిళ్ళలు అంటించింది. ఏది ఏ సిమెంటో మాకే కాదు, ఆవిడకూ తెలియకుండా పంటలమ్మ పొట్లాలు కట్టింది. ఈసారి టేపు నాలుగువైపులా చుట్టింది, నావైపు ఒకసారి చూసి మరీ. మందు కలిపిన సిమెంటు బిళ్ళ కింద ఎవరి వీపూ ఎర్రబడలేదు. పెద్దసారు వందల దిమ్మలు నలగ్గొట్టాడు. బలం తగ్గలేదు. తెరిచిన బస్తాలో మూడు నెలలకు దాని గుణం పోతోందని తేలితే, లోపల మందపాటి అస్తరు ఉన్న సంచులు తెప్పించి మళ్ళీ మొదటినుంచి చేశాడు. అంతకుముందు నేను వాళ్ళను గాజుగిన్నెల బాపతు అని వెనకాల వెక్కిరించేవాణ్ణి. ఆ ఏడు నెలల్లో ఆ మాట నా నోటికి రాలేదు.

ఆఖరి పరీక్ష నాది. మందు కలిపిన సిమెంటుతో రోజంతా, బయట మేస్త్రీలు పూసినట్టే, ఒక పెద్ద గోడ పూయాలి. మూడోరోజు పొద్దున చేతులు చూస్తారు. పొంగితే ఇక సిమెంటు లేదు. పంటలమ్మ షెడ్డు వెనక గోడ పూశాను. పరంజా ఎక్కి మొదటి తాపీ మాలు గోడకేసి కొట్టినప్పుడు వచ్చిన చప్పుడుకి నా కళ్ళు చెమర్చాయి. పైన ఎవరూ లేరు కాబట్టి తుడుచుకోలేదు.

మూడోరోజు పొద్దున మా ఆవిడ ఇంట్లో ఉండనంది. "నీ చేతుల కబురు నీ నోట వినాలా? నేనే వచ్చి చూస్తా" అని చెప్పులేసుకుంది. డాక్టరమ్మ గదిలో పెద్దసారు, పంటలమ్మ అప్పటికే ఉన్నారు. డాక్టరమ్మ భూతద్దం పెట్టి వేళ్ళ సందులన్నీ చూసింది. ముగ్గురి తలలూ నా అరచేతుల మీదికి వంగాయి.

"మంట?"

"లేదమ్మా."

"దురద?"

"లేదు."

"ఇక్కడ గరుకుగా ఉందే?"

"అది మా నాన్న చేతి గరుకమ్మా. వంశంలో ఉంది."

డాక్టరమ్మ భూతద్దం కింద పెట్టింది. "పనిలోకి వెళ్ళండి మేస్త్రీ" అంది.

ఇన్నాళ్ళూ ఎంతమంది డాక్టర్లు చూశారో, అందరూ పని మానమన్నవాళ్ళే. నా జన్మలో ఎవరికీ సరిగ్గా కృతజ్ఞత చెప్పినవాణ్ణి కాదు, అలవాటు లేదు. వాళ్ళ ముగ్గురికీ చేతులు జోడించాను. పంటలమ్మ వైపు తిరిగి, "మీ మడి చంపినవాణ్ణమ్మా నేను. నాకు ఇంత చేశారు" అన్నాను.

"నారు మళ్ళీ పోసుకున్నాను, చక్కగా వచ్చింది" అంది ఆవిడ. "చేతులు పోతే ఎక్కణ్ణుంచి తెచ్చేవాళ్ళం?"

మా ఆవిడ ముందుకొచ్చి, నలుగురిలో నా చెయ్యి తీసుకుని, బట్టల కొట్లో గుడ్డ చూసినట్టు అటు తిప్పి ఇటు తిప్పి, బొటనవేలితో అరచెయ్యంతా రాసి చూసింది. తర్వాత గట్టిగా పట్టుకుంది. అలా పట్టుకుంటే నొప్పి పుట్టకపోవడం నాలుగేళ్ళ తర్వాత అదే మొదలు. సిగ్గేసి, "వదులు, పనుంది" అన్నాను. వదల్లేదు. నేనూ లాక్కోలేదు.