గాడులు కోసిన టైరు

ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, కొద్దికొద్దిగా తిప్పుతూ ఈరమ్మ బుడగల కోసం చూస్తోంది. తొట్టి అంటే పాత నూనె డబ్బాను అడ్డంగా కోసి చేసిందే. నీళ్లు నల్లగా ఉన్నాయి, అడుగున ఇసుక పేరుకుంది. రెండు చేతులతో ట్యూబును నొక్కినప్పుడు ఒక చోట నుంచి సన్నని బుడగలు వరుసగా లేచాయి, ఎసరు కాగడానికి ముందు గిన్నె అడుగు నుంచి లేచినట్టు. ఆమె అక్కడ బొటనవేలు పెట్టి పట్టుకుని, ట్యూబును పైకి తీసి, చీర మీద తొడుక్కున్న మగవాళ్ల చొక్కా అంచుతో తుడిచింది.

ఆ రోజు బంద్. సకల జనుల సమ్మె మొదలై చాలా రోజులైంది. బస్సులు లేవు. మిగతా రోజుల్లో అయితే ఆ వేళకు లింగంపల్లి నుంచి గచ్చిబౌలి వైపు మెడలో కంపెనీ కార్డులు వేలాడేసుకున్న వాళ్లు బండి వెనక బండిగా పోతుంటారు. ఇవాళ రోడ్డు మీద ఒక కుక్క అడ్డంగా పడుకుని ఉంది. దుకాణాలన్నీ మూసేశారు. ఈరమ్మ పంచరు దుకాణానికి మూయడానికి షట్టరే లేదు. పైన నాలుగు రేకులు, కింద గాలి మిషను, గోడకు వేలాడే కొన్ని కొత్త టైర్లు, మూలన అరిగిపోయిన టైర్ల కుప్ప. బంద్ చేయించేవాళ్లు కూడా బండ్ల మీదే తిరుగుతారు. వాళ్ల బండ్లకూ పంచర్లు పడతాయి. అందుకని ఆమె జోలికి ఎవరూ రారు.

మెర్సీ స్కూటీని తోసుకుంటూ వచ్చింది. ఏలూరు దగ్గరి అమ్మాయి, చందానగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. మొహం చెమటతో తడిసిపోయింది.

"జారిపోతోందండీ బండి. నిన్న వానలో పడబోయాను."

ఈరమ్మ కూర్చున్నచోటి నుంచే ముందు చక్రాన్ని తిప్పి చూసింది. టైరు మధ్యలో గాడులు బాగానే ఉన్నాయి. రెండు అంచులూ మాత్రం బోడిగా అరిగిపోయాయి.

"గాలెప్పుడు కొట్టించినవ్?"

"మొన్ననేనండీ."

"ఏ మొన్న? బోనాల ముందటి మొన్ననా?"

మెర్సీ నవ్వింది.

"గాలి తక్కువుంటే టైరు నడుమ లోపలికి పోతది. బరువంత అంచుల మీద పడతది. అట్లనే అరుగుతది. మార్చాలె."

"మధ్యలో బాగానే ఉంది కదండీ. ఇంకో ఆరు నెలలు నడవదా?"

"ఎందుకు నడ్వదు, నడుస్తది. నువ్వు గూడ దవాఖానకు పోతవ్. నర్సు లెక్కన కాదు, పేషంటు లెక్కన."

మెర్సీ గోడ వైపు చూసి, మెరుపు తీగల్లాంటి గాడులున్న టైరు చూపించింది. ఈరమ్మ దాన్ని దించి ఆమె చేతికిచ్చింది. "గోరు గుచ్చు."

గోరు దిగలేదు. ఈరమ్మ పక్కనున్న ఇంకోటి ఇచ్చింది. అది చూడడానికి సాదాగా ఉంది కానీ గోరు మెత్తగా దిగింది.

"గట్టిది ఎక్కువ దినాలొస్తది. వాన పడితే మాత్రం జారుతది. మెత్తది జల్ది అరుగుతది గని రోడ్డును పట్టుకుంటది. నీకేది కావాలె?"

"పట్టుకునేదేనండీ." మెర్సీ తాళం చెవి ఆమెకిచ్చి, సాయంత్రం వచ్చి తీసుకుంటానని నడిచి వెళ్లిపోయింది.

ఈరమ్మకు టైరు చూడగానే తెలుస్తుంది మనిషి ఎట్లా తోలుతాడో. తల్లి చెప్పులు ఎప్పుడూ ఎడమ మడమ దగ్గరే అరిగేవి, ఆ కాలు ఈడ్చేది కాబట్టి. బండ్లు కూడా అంతే. అయితే ఈ పని ఆమె ఇష్టపడి నేర్చుకున్నది కాదు. ఒక్క మనిషి కోసం వదలకుండా పట్టుకుంది. ఏ బండికైనా ఎప్పుడో ఒకప్పుడు పంచరు పడక తప్పదు. వాడి బండికీ పడుతుంది.

ఆమె భర్త ఎల్లేశం మాదాపూర్‌లో ఒక పెద్ద కంపెనీ తోటలో గడ్డి కత్తిరించేవాడు. "మన వాడకట్టుకు రాని నీళ్లు ఈ గడ్డికి వస్తయే" అని ఇంటికి వచ్చి నవ్వేవాడు. పాత బండి ఒకటి కొన్నాడు. వెనక టైరు అరిగితే చందానగర్‌లో వీరేశం దుకాణంలో ఇంకోటి తెచ్చుకున్నాడు. వీరేశానిదీ వాళ్ల ఊరే, పుప్పాలగూడ. "నీకు గాబట్టి తక్కువల ఇస్తున్న" అన్నాడట. నల్లగా మెరిసిపోతున్న టైరును ఎల్లేశం భార్యకు చూపించి మురిసిపోయాడు. నెల తిరగకుండానే ఫ్లైఓవరు దిగుతుంటే అది పేలింది. ఎల్లేశం గోడకు కొట్టుకుని అక్కడే పోయాడు.

బండితో పాటు ఆ టైరు కూడా ఇంటికి వచ్చింది. మట్టీ రక్తమూ పోయేలా ఈరమ్మే దాన్ని కడిగి రేకుల షెడ్డులో పెట్టింది. కొన్ని వారాలకు తెలంగాణ కోసం మొదటి పెద్ద బంద్ వచ్చింది. చౌరస్తాలో కాల్చడానికి కుర్రాళ్లు ఇంటింటికీ తిరిగి పాత టైర్లు అడిగారు. వాళ్ల ముందు మెడలో కండువాతో వీరేశం ఉన్నాడు.

ఎవరూ బలవంతం చేయలేదు. ఈరమ్మే తన చేతులతో తెచ్చి ఇచ్చింది. "నా మొగని టైరు గూడ మంటల పడనియ్. తెలంగాణ వస్తే చాలు" అంది. అందరూ జై కొట్టారు. వీరేశం జై కొట్టలేదు. టైరును అటూ ఇటూ తిప్పాడు. గాడుల్లోకి ఒకసారి చూశాడు. తరవాత దాన్ని తోపుడుబండిలో అన్నిటికంటే కిందికి తోసి పైన వేరే టైర్లు వేశాడు. చనిపోయినవాడి వస్తువు కదా, గౌరవంగా పెట్టాడని ఆమె అనుకుంది. సాయంత్రం చౌరస్తా నుంచి నల్లటి పొగ లేస్తుంటే ఇంటి ముందు నిలబడి దండం కూడా పెట్టింది.

ఇల్లు గడవక ఆమె తన అన్న పంచరు దుకాణంలో పనికి కుదిరింది. ఒకరోజు అన్న ఒక టైరు చూపించి చెప్పాడు. "గిది చూడు. అరిగిన టైరును కాల్చిన కత్తితోటి మళ్ల గాడులు కోసి, నల్లరంగు పూసి కొత్తదని అమ్మిన్రు. లోపల రబ్బరే ఉండదు. ఎక్కినోడు సచ్చినట్టే." ఈరమ్మ ఆ గాడిలో వేలు పెట్టింది. అడుగున పదునైన మూల, కత్తి కాల్చిన నునుపు. ఆ నునుపు ఆమె వేలికి అప్పటికే తెలుసు. ఎల్లేశం టైరును కడిగేటప్పుడు తగిలింది. పేరు మాత్రం ఆ రోజే తెలిసింది.

పోలీసు స్టేషనుకు వెళ్తే టైరు ఏదని అడిగారు. బూడిదను చూపించలేం కదా. అప్పటికి వీరేశం దీక్షా శిబిరంలో పూలదండలు వేసుకుని కూర్చుంటున్నాడు. ఆమె మళ్లీ ఎవరికీ చెప్పలేదు. అన్న ఊరికి వెళ్లిపోయాక దుకాణం తనే పెట్టుకుంది. పనిచేస్తూ ఎన్నో అనుకునేది. ఇరుసు నట్టు వదిలేస్తే ఎట్లా ఉంటుంది? బ్రేకు తీగ సగం తెంపితే? అనుకున్నప్పుడల్లా ఆమె చేతులు మరింత నిదానంగా, మరింత శుభ్రంగా పని చేసేవి.

ఎండ నడినెత్తికి వచ్చింది. గచ్చిబౌలి వైపు నుంచి ఒక మనిషి బండి తోసుకుంటూ వస్తున్నాడు. లావుపాటి మనిషి, మెడలో గులాబీ కండువా. బండికి ఎడమ పక్కన టైర్లు కట్టుకునే ఇనుప కొక్కెం ఉంది. దగ్గరికి రాకముందే ఈరమ్మ గుర్తుపట్టింది. లేచి నిలబడలేదు. చేతిలో ఉన్న గుడ్డను మడత పెట్టి పక్కన పెట్టింది.

"ఏందక్కా, నీదొక్కటే తెరిచినవ్. బంద్‌ల నువ్వు లేవా?" అన్నాడు వీరేశం.

"ఉన్న. లేకుంటే నీ పంచరెవరేస్తరు?"

"జర జల్ది చెయ్. సంగారెడ్డిల సభ ఉంది. నేను మాట్లాడేదుంది. రోడ్డంత ఖాళీ, ఎగిరిపోత."

ఆమె వెనక చక్రం విప్పింది. టైరు ఎడమ అంచు పూర్తిగా అరిగి నూలు పోగులు కనిపిస్తున్నాయి. ఏళ్ల తరబడి ఒక పక్కనే బరువు కట్టడం వల్ల. కుడి వైపు గాడులు లోతుగా, కొత్తగా ఉన్నాయి. ఆమె వేలు పెట్టి చూసింది. పదునైన మూల, నునుపు. వీరేశం తను కోసి అమ్మేవాటిలో అమ్ముడుపోనిదాన్ని తనే వాడుకుంటున్నాడు.

ఇనుప రాడ్లతో టైరు పక్కకు తీసి, మేకు ఎక్కడుందో చూడడానికి లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడిమింది. మేకు దొరికింది. దాన్ని లాగేసి ఇంకా తడిమింది. అరిగిన అంచు దగ్గర లోపలి గుడ్డ పిగిలిపోయి ఉంది, పాత గోనెసంచి పిగిలినట్టు. బయట నుంచి చూస్తే అక్కడ చిన్న ఉబ్బు. వేగంగా పోతే, ఈ ఎండలో, ఎంతో దూరం రాదు.

ఆమె చెయ్యి లోపలే ఉండిపోయింది. నట్టు వదలాల్సిన పని లేదు. తీగ తెంపాల్సిన పని లేదు. తను చేయాల్సిందంతా వాడే చేసుకుని తెచ్చుకున్నాడు.

వీరేశం ఆమె కుండలోని నీళ్లు ముంచుకుని తాగుతున్నాడు. నీళ్లు గడ్డం మీదుగా కండువా మీదికి కారుతున్నాయి. తాగి, కళ్లు మూసుకుని, హమ్మయ్య అని గాలి వదిలాడు. దప్పికైన ఏ మనిషైనా అట్లాగే ఉంటాడు. ఈరమ్మ నోరు తెరిచింది. ఇటు రా, ఇక్కడ వేలు పెట్టి చూడు. అంతే అనాలి. వాడు వేలు పెడితే ఇంకేమీ చెప్పక్కర్లేదు.

"ఎల్లేశం ఉండాల్సింది అక్కా ఇయ్యాల" అన్నాడు వీరేశం, గ్లాసు బోర్లిస్తూ. "జండ పట్టుకొని ముందట నడిచేటోడు. తెలంగాణ కోసం పోయినట్టే లెక్క ఆయన. నేను మీటింగులల్ల గూడ చెప్త, మా ఎల్లేశం టైరే మొదాలు మంటల ఏసినమని. సప్పట్లే సప్పట్లు."

ఈరమ్మ చెయ్యి బయటికి తీసింది.

"టైరు ఖరాబైంది వీరేశం. కొత్తది ఏయించుకో" అంది. గోడ మీది టైర్ల వైపు చూపించింది. గిరాకీ కోసం నవ్వినట్టు నవ్వింది. "నీకు గాబట్టి తక్కువల ఇస్త."

ఆ మాట ఏం చేస్తుందో ఆమెకు తెలుసు. ఆ మాట విన్నవాడు టైరు వైపు చూడడు, చెప్పినవాడి మొహం వైపు చూస్తాడు. బతుకంతా ఆ మాటే చెప్పి అమ్మినవాడు అసలే చూడడు.

వీరేశం పడీపడీ నవ్వాడు. "నాకే టైరు అమ్ముతున్నవా అక్కా? బంద్‌ల గిరాకి లేక నీకు పరేషాన్ ఉన్నట్టుంది. నేను ఎంతమందికి చెప్పి ఉంట ఈ ముచ్చట! అది నా చేతి టైరు. ఇంకో ఎండకాలం నడుస్తది. ఫికర్ చెయ్యకు, బిగించు."

"సరే. నీ ఇష్టం."

ట్యూబుకు ప్యాచ్ వేసి నీళ్లలో మళ్లీ చూసింది. బుడగ రాలేదు. చక్రం ఎక్కించి నట్లు బిగించింది. అన్నీ గట్టిగానే బిగించింది. ఉబ్బు ఉన్న చోటు వాడికి కనిపించే వైపు ఉంటే చక్రాన్ని సగం చుట్టు తిప్పి కిందికి తెచ్చింది.

"గాలి గట్టిగ కొట్టు. దూరం పోవాలె."

గట్టిగానే కొట్టింది. వీరేశం బండెక్కి, కుక్కను హారన్‌తో లేపి, ముంబై రహదారి వైపు తిరిగాడు. ఖాళీ రోడ్డు మీద ఆ చప్పుడు చాలాసేపు వినిపించింది. అది ఆగేదాకా ఈరమ్మ వింటూ కూర్చుంది. తరవాత మెర్సీ స్కూటీకి మెత్తటి టైరు ఎక్కించింది. అన్నం తినలేదు.

పొద్దు వాలుతుండగా మెర్సీ వచ్చింది. వచ్చి స్టూలు మీద కూలబడింది.

"ఈరోజు డ్యూటీ అనుకోకుండా బరువైపోయిందండీ. బీరంగూడ దాటాక యాక్సిడెంటట. ఒకాయన్ని తెచ్చారు. తెచ్చేసరికే లేడు. మెడలో కండువా ఉంది. వీరేశం అంటున్నారు వచ్చినవాళ్లు. వెనక టైరు పేలిందట."

ఈరమ్మ స్కూటీ టైరును బొటనవేలితో నొక్కి చూస్తోంది. "ఏమన్న అన్నడా?"

"ఎవరండీ?"

"వాడు. పోయేముందు."

"మాటే లేదండి. మీకు తెలిసినాయనా?"

"మా ఊరోడే."

"అయ్యో" అంది మెర్సీ. "ఆసుపత్రి బయటంతా జనమండీ. ఉద్యమం కోసం సభకి వెళ్తూ పోయాడు, అమరుడు అంటున్నారు. రేపు శిబిరంలో ఫొటో పెడతారట."

ఈరమ్మ నొక్కుతున్న వేలు ఆగింది. ఎందుకు పోతున్నాడో, ఎవరి చేతి మీదుగా పోతున్నాడో వాడికి తెలియాలనుకుంది ఇన్నేళ్లూ. ఏమీ తెలియకుండా, చప్పట్లు తలుచుకుంటూ పోయాడు. ఇప్పుడు దండ కూడా వేయించుకుంటాడు. వాడిని ఇంకోసారి బతికించి, ఇంకోసారి కూర్చోబెట్టి, ఆ గాడిలో వాడి వేలు తనే పట్టి పెట్టాలనిపించింది. కోపం తగ్గలేదు. అది పోయి వాలడానికి మనిషే లేకుండా పోయాడు.

"వారానికోసారి గాలి చూపించుకో" అంది మెర్సీతో. "మరిచిపోకు."

మెర్సీ వెళ్లిపోయింది. చౌరస్తా వైపు నుంచి జై కొడుతున్న గొంతులు వినిపిస్తున్నాయి. ఈరమ్మ రాడ్లు, రెంచీలు ఏరి సంచిలో వేసి, నీళ్లు పారబోయడానికి తొట్టి దగ్గరికి వచ్చి వంగింది. వీరేశం బండికి గాలి కొట్టేటప్పుడు తీసి, తిరిగి బిగించడం మరిచిన వాల్వు మూత ఒకటి తొట్టి అంచు మీద ఉంది, చింతగింజంత, నల్లగా, తొట్టి నీళ్లు చింది ఇంకా తడిగా.